పాపమా, కాదా అని ఇక అడగకండి

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 27 ఏళ్లు. ఏడాదిగా దేవుడి పటం ముందు నిలబడితే చాలు, నోటితో చెప్పలేని బూతులు మనసులో మెదులుతున్నాయి. వెంటనే చెంపలు వేసుకుని పూజ మళ్లీ మొదలుపెడతాను. పావుగంట పూజకు రెండు గంటలు పడుతోంది. మొన్న కాలినడకన కొండకు వెళుతూ గాలిగోపురం దగ్గర అలాంటి మాటే వస్తే, అలిపిరికి దిగి మళ్లీ ఎక్కాను. ‘నేను పాపం చేశానా?’ అని మా ఆయనను రోజూ అడుగుతుంటాను. డాక్టర్ ఇది ఓసీడీ అనే మానసిక జబ్బు (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అన్నారు. మాత్రలు పది రోజులు వాడి, తేడా లేదని మానేశాను. ఇంతకీ ఇది పాపమేనా?

జవాబు: గాలిగోపురం నుంచి దిగడం మోకాళ్లకు ఎక్కడం కన్నా పెద్ద శిక్ష. ఆ శిక్ష మీకు మీరే వేసుకున్నారు. అయినా ఆ మాట ఆగలేదు కదా!

పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయి. 1978లో రాక్మన్, డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు ఏ జబ్బూ లేనివారిని అడిగితే, పదిమందిలో సుమారు ఎనిమిది మంది తమకూ ఇలాంటివి వస్తాయన్నారు. వాళ్లు ‘ఛీ’ అనుకుని పనిలో పడిపోతారు. ఓసీడీ ఉన్నవారు ఆ మాటను పట్టుకుని విచారణ మొదలుపెడతారు. పైగా ఈ జబ్బు మనకు ప్రాణప్రదమైన చోటే గిల్లుతుంది. పసిబిడ్డ తల్లికి బిడ్డను ఏమైనా చేస్తానేమోనన్న భయం, భక్తురాలికి దేవుడి దగ్గర బూతు.

మిమ్మల్ని పీడిస్తున్నది ఆ మాటకన్నా దానికి మీరు చేస్తున్న ప్రాయశ్చిత్తం. చెంపలు వేసుకోగానే గుండె కాస్త కుదుటపడుతుంది. ‘ప్రమాదం నిజమే, చెంపలు వేసుకున్నాను కాబట్టి గట్టెక్కాను’ అని మనసు నేర్చుకుంటుంది. అందుకే మర్నాడు ఇంకా గట్టిగా భయపెడుతుంది.

రేపు పూజలో వత్తి వెలిగిస్తుండగా ఆ మాట వస్తుంది. రానివ్వండి. అగ్గిపుల్ల ఆర్పి కొత్తది గీయకండి. అదే పుల్లతో వెలిగించి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, లేచి వంటింట్లోకి వెళ్లండి. ఆ మాటను తరమవద్దు, దానితో వాదించవద్దు. మనసులో ‘క్షమించు స్వామీ’ అనుకోవడం కూడా చెంపలు వేసుకోవడం లాంటిదే. గోవింద నామం భక్తితో పలకండి, కానీ ఆ మాటను తుడిచే గుడ్డలా వాడకండి. పలకకపోతే ఏదో జరుగుతుందని అనిపిస్తే, ఆ పూటకు అది భక్తి కాదు, ఓసీడీయే. మొదట్లో గుండె దడదడలాడుతుంది. మీరేమీ చేయకపోయినా అది మెల్లగా దిగుతుంది. ఇలా భయానికి ఎదురు నిలిచి ప్రాయశ్చిత్తం మానుకునే చికిత్సను ‘ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్’ అంటారు. సైకాలజిస్టు దగ్గర కూర్చుని, తేలికైన వాటితో మొదలుపెట్టి నేర్చుకోవాలి. కొండ మెట్లు తర్వాత చూద్దాం. ముందు ఇంట్లో పూజ ఒక్కసారికే ముగియాలి.

మీవారికి ఒక మాట. ‘ఏమీ కాదులే’ అని మీరు ప్రేమతోనే అంటున్నారు, కానీ అది మంటలో నూనె. ‘ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న, దీనికి నేను జవాబు చెప్పను’ అని మెత్తగా అని, ఇద్దరూ కాసేపు మేడ మీద తిరగండి. కసురుకోవద్దు. ఈ ఒప్పందం ఆమె బాగున్నప్పుడే చేసుకోండి.

మాత్రల విషయంలో తొందరపడ్డారు. ఓసీడీలో మందుల ఫలితం తెలియడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. మోతాదు కూడా, ఇవే మందులను డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ కావలసి రావచ్చు. మళ్లీ అదే డాక్టర్ దగ్గరకు వెళ్లి, మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. ఖర్చు భారమైతే మీ ఊళ్లోనే రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బతకాలనిపించడం లేదనే ఆలోచన వస్తే తెల్లవారే దాకా ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులో, ఏ వేళలోనైనా మాట్లాడతారు. తాయెత్తులు కట్టించమనే బంధువులతో వాదించి ఓపిక పోగొట్టుకోకండి.

‘ఇది పాపమేనా?’ అన్న ప్రశ్నకు నేను కావాలనే జవాబు రాయలేదు. రాస్తే ఈ రాత్రి నిద్ర పడుతుంది, రేపు దీపం దగ్గర మళ్లీ అదే ప్రశ్న మొదలవుతుంది. నెల తర్వాత నాకు ఉత్తరం రాయండి. అందులో పూజకు ఎన్ని నిమిషాలు పట్టిందో మాత్రం రాయండి.