బోనెట్ చల్లగా ఉండాలి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఆరేళ్ల పాత కారు కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో సొంత జీతంతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పాతది కొనడం తెలివైన పనే. బీమా లెక్కలో అయిదేళ్లు నిండేసరికి కారు విలువ సగానికి పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమాని భరించాడు. టైరు పక్కన నాలుగు అంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. కిలోమీటర్ల మీటరును నమ్మకు, పెడల్ రబ్బరు అరుగుదల చూడు.

రంగు బాగుంది, స్పీకర్లు బాగున్నాయి అన్నావట. వాటిని చూసి కారు కొంటారా తల్లీ?

1997 వేసవిలో నా పాత మారుతి 800లో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కుతున్నాం. వెనక సీట్లో మీ అమ్మ, ఆమె కడుపులో నువ్వు. రేడియేటర్ గొట్టం గట్టిపడి పగుళ్లిచ్చింది, మార్చమని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. వచ్చే నెల చూద్దామన్నాను. వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటినా, అనంతగిరి చేరాక ఆపుదామనుకున్నాను. మలుపులో గొట్టం పగిలి బోనెట్ అంతా ఆవిరి. కంగారులో రేడియేటర్ మూత తిప్పాను. కుడి చేతి మీద మచ్చ ఎలా వచ్చిందని చిన్నప్పుడు అడిగేదానివి కదా, అది ఆనాటిదే. మీ అమ్మ రెండు గంటలు ఎండలో రాతి మీద కూర్చుంది, ఒక్క మాట అనలేదు.

ఆ వేడికి ఇంజిన్ పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్ వంగిపోయింది. దాని కింద నీళ్లనూ ఆయిల్‌నూ కలవనివ్వని పలుచటి రేకు, గాస్కెట్, పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. బాగు చేయించినా ఇంజిన్‌కు పాత బలం రాలేదు, చిన్న ఎత్తుకు కూడా రెండో గేరు వేయాల్సి వచ్చేది. అమ్మబోతే, వచ్చినవాడి మెకానిక్ ఆయిల్ మూత తీసి లోపలి తెల్లటి నురుగు చూపించాడు. దొరికిన ధరకు వదిలేశాను. కారును ముసలిదాన్ని చేసేది ఏళ్లు మాత్రమే కాదమ్మా, అలాంటి ఒక్క మధ్యాహ్నం చాలు.

ఇప్పటి చాలా కార్లలో ఆ ముల్లే లేదు, ఎర్ర దీపం పెట్టారు. అది వెలిగితే ఎక్కడున్నా పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పెయ్. ఆఫీసుకు ఆలస్యమైనా సరే. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు.

శనివారం చూడటానికి వెళ్తున్నావట. పొద్దుటి బస్సుకు నేనూ వస్తున్నాను. చల్లటి ఇంజిన్ మొదటిసారి మేలుకున్నప్పుడే దాని దగ్గు వినపడుతుంది. నేను వచ్చేదాకా ఎవరినీ స్టార్ట్ చేయనివ్వకు.

మీ పెదనాన్న