హోపీ తెగవాళ్లు నీళ్ల కోసం మెక్సికో దాకా పరుగెత్తారట, నిజమేనా? పరుగుకీ నీళ్లకీ ఏం సంబంధం?

నిజమే. హోపీలు అమెరికాలోని ఆరిజోనాలో ఉండే ఆదివాసీ తెగ. 2006 మార్చిలో అక్కడి నుంచి మెక్సికో సిటీలో జరిగిన నాలుగో ప్రపంచ జల వేదికకు హోపీ పరుగువీరులు వంతులవారీగా పరుగెత్తారు. రెండు వేల కిలోమీటర్లకు పైనే! సొరకాయ బుర్రలో ఊటనీళ్లు కూడా వెంట తీసుకెళ్లారు.

హోపీలకు పరుగు ఉత్త ఆట కాదు, వాన కోసం చేసే ప్రార్థన. ఎడారి మెట్టమీద వర్షాధార మొక్కజొన్న పండించేవాళ్లు మరి. 1912 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల రజతం గెలిచిన లూయిస్ తెవానిమా కూడా హోపీయే.

ఆ పరుగు వెనక నీళ్ల గోడు కూడా ఉంది. హోపీల ప్రాంతంలోని బ్లాక్ మెసా అనే మెట్టమీద తవ్విన బొగ్గును పొడి చేసి, నీళ్లలో కలిపి, 273 మైళ్ల పైపులో నెవాడాలోని కరెంటు కేంద్రానికి పంపేవారు. ఆ నీళ్లు నవాహో అనే పేరున్న భూగర్భ జలపొర నుంచి తోడినవి. తాగడానికి పనికొచ్చే మంచి నీళ్లు, ఏటా నాలుగు వందల కోట్ల లీటర్లకు పైగా, బొగ్గు మోయడానికి! కళ్లముందే ఊటలు తగ్గిపోతుంటే ఎవరికైనా మండదా? ఆ కేంద్రం 2005 చివర్లో మూతపడింది.

అంతటితో సమస్య తీరలేదు. కొన్ని హోపీ ఊళ్ల బావుల్లో ఆర్సెనిక్ అనే విషపదార్థం, తాగునీటికి ఉన్న లీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితిని దాటింది. ఇది గని వల్ల కాదు, అక్కడి రాతిపొరల్లో సహజంగా ఉన్నదే. కాచినా పోదు. అందుకే దూరంగా కొత్త బోర్లు వేసి పైపులైన్లు లాగాల్సి వచ్చింది.