కల్చర్ బీట్ అడిగిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివాను. గుంటూరులో పేపర్ ఉద్యోగం వచ్చింది, కళలూ వారసత్వం వార్తలు రాసే కల్చర్ బీట్ అడిగితే "అలాంటిదేమీ లేదు, ముందు మున్సిపల్ కార్పొరేషన్ వార్తలు చూడు" అన్నారని బాధపడుతున్నావు. బాధపడకు, తీసుకో. వారసత్వం గురించిన అసలు వార్తలు ఆడిటోరియంలో పుట్టవు. టెండరు నోటీసుల్లో, రోడ్డు వెడల్పు ప్లాన్లలో, దేవాదాయ శాఖ మరమ్మతు ఫైళ్లలో పుడతాయి. మీ పక్కనే ఉన్న చేబ్రోలు సంగతి చూడు, భీమేశ్వరాలయంలో మరమ్మతులు చేస్తుండగానే శాసనమున్న స్తంభం ఒకటి బయటపడింది, అది క్రీ.శ. 207 నాటి విజయ శాతవాహనుడి సంస్కృత శాసనమని 2019లో తేలింది. ఇంకెక్కడో పాత స్తంభాలకు ఆయిల్ పెయింట్ వేసేస్తుంటారు, అక్షరాలు పూడిపోతాయి, ఆ పనికి బిల్లు కూడా పాసవుతుంది. ఆ బిల్లు చదవగలిగే విలేకరే మనకి కావాలి.

చట్టం కూడా చదువుకో. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కట్టకూడదు, ఆ పైన మరో 200 మీటర్ల వరకూ అనుమతి తీసుకునే కట్టాలి. 2010 సవరణతో చట్టంలో చేరిన నిబంధన ఇది. ఉండవల్లి గుహల దగ్గరికి వెళ్లినప్పుడు అనంతశయన విష్ణువుని చూసి ఫొటో తీసుకుని వచ్చేయకుండా, ఆ ఊళ్లో నాలుగిళ్లు తిరుగు. కొడుక్కి పెళ్లి చేసి పక్కన ఒక గది వేసుకుందామన్నా వీల్లేదని ఎవరైనా అంటే అది కూడా వారసత్వ వార్తే, పురావస్తు శాఖ అధికారి మాట ఎంత జాగ్రత్తగా రాస్తావో ఆ ఇంటాయన మాట కూడా అంతే జాగ్రత్తగా రాయాలి. ఒక వైపే వింటే ఆ ఊళ్లో రెండోసారి నీతో ఎవరూ మాట్లాడరు.

ఇక ఫంక్షన్ల సంగతి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఏదో ప్రదర్శన ఉంటుంది, నిర్వాహకులు ప్రెస్ నోట్ చేతిలో పెడతారు, అందులో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, జ్యోతి ప్రజ్వలన చేసినవారు, శాలువా కప్పినవారు అందరూ ఉంటారు, ఆడినవాళ్లూ పాడినవాళ్లూ తప్ప. చివర్లో "ప్రేక్షకులను ఆద్యంతం అలరించింది" అని ఒక వాక్యం. దాన్ని నువ్వు కొట్టేయాలి. ముందే వెళ్లి మేకప్ గదిలో కూర్చో, తాళం వేస్తూ నాట్యం నడిపించే నట్టువాంగం ఎవరు, మృదంగం ఎవరు, ఏ ఊరు నుంచి వచ్చారు, ఎంత ఇస్తున్నారు, అడుగు. బుర్రకథకి పద్మశ్రీ తెచ్చిన నాజర్ మన పొన్నెకల్లు మనిషే, ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ బుర్రకథలో ముగ్గురుంటారు కదా, కథకుడు తంబురా పట్టి చిందు వేస్తుంటే గుమ్మెట్లు వాయిస్తూ ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం నడిపిస్తారు. ఇవాళ ఏ ఊళ్లో కథ చెప్పినా మరుసటి రోజు పేపర్లో ఆ ఇద్దరి పేర్లు ఉండవు. నువ్వు రాయి, ఇంటిపేరుతో సహా రాయి. డెస్క్‌లో జాగా లేదని తీసేస్తే ముఖ్య అతిథిని తీసేయమని చెప్పు, వాదించు, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే అమరావతి బౌద్ధ స్తూపం వల్ల. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ దొర ఆ స్తూపాన్ని మొదటిసారి చూసింది 18వ శతాబ్దం చివర్లో. 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా రాళ్లు ఎవరికి వాళ్లు పీకేసుకుని కట్టడాలకి వాడేశారు. అప్పుడు ఆయన మనుషులు కూర్చుని మిగిలిన పలకలకి బొమ్మలు గీశారు, కొలతలు వేశారు. తర్వాత 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించాడు, శిల్పాలు మద్రాసు పోయాయి, లండన్ పోయాయి, దారిలో కొన్ని పాడయ్యాయి. కొన్ని శిల్పాలకైతే ఆ బొమ్మలే ఇప్పుడు మిగిలిన ఆధారం, రాయి లేదు. అందుకే కొండపల్లి వెళ్లినా సరే, "అద్భుత హస్తకళ" అని రాసి వచ్చేయకు. బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఎక్కణ్నుంచి వస్తోంది, ఎంతకి కొంటున్నారు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు ఇంకా వాడుతున్నారా, ఇంట్లో పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా, రాకపోతే ఏం చేస్తున్నారు, ఇవన్నీ తేదీ వేసి రాసుకో. పేపర్లో వచ్చేది నాలుగు పేరాలే అయినా నోట్సు అంతా దాచు.

డబ్బు గురించి అడిగావు. అచ్చయిన లైన్లు లెక్కపెట్టి ఇచ్చే లైన్ అకౌంటు డబ్బుతో ఇల్లు గడవదు, జీతమున్న ఉద్యోగం వదలకు, ఈ పని ఆదివారాలు పెట్టుకో. మీ ఇంట్లో ఈ విషయం దాచకు కూడా, దాస్తే టెన్షన్ నీకే. వార్త కోసం ఇచ్చే డబ్బు కవరు తీసుకోకూడదని నీకు ఎవరైనా చెప్తారు, నేను శాలువా గురించి చెప్తున్నాను. పేరు కొంచెం తెలిశాక వేదిక మీదకి పిలిచి సన్మానం అంటారు. వెళ్లకు. ఆ సంస్థ పిల్లలు వచ్చే నెల భామాకలాపం సరిగ్గా చేయకపోతే ఆ మాట నువ్వు రాయలేవు.

ఈ నెలలో చేబ్రోలు వెళ్లి ఒక పేజీ రాసి పంపు. ఫొటోలో ఉన్న ప్రతి మనిషి పేరూ కింద ఉండాలి, వాచ్‌మన్‌ది కూడా.