పోటీ కోసం రాక్ క్రాలర్ కొనాలా, సొంతంగా బిగించుకోవాలా?

పోటీలో దిగడానికి రెడీమేడ్ ఆర్‌సీ రాక్ క్రాలర్ (రిమోట్‌తో నడిపే, రాళ్లెక్కే చిన్న బండి) కొనాలా, సొంతంగా తయారు చేసుకోవాలా అని అడిగారు. సొంతంగానే బిగించుకోండి. నేను రెండూ చేశాను.

నా మొదటి బండి ఆర్‌టీఆర్, అంటే రెడీ టు రన్. పెట్టె విప్పి బ్యాటరీ పెడితే చాలు, నడుస్తుంది. నెల రోజులు కనిపించిన రాయల్లా ఎక్కించాను. పోటీకి పేరిచ్చాక, రాళ్ల సందులో చక్రాలు పక్కకు తిరగట్లేదని 35 కిలోల బలమున్న సర్వో (స్టీరింగ్ తిప్పే మోటారు) వేశాను. దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చూడలేదు.

రెండో కోర్సు, మూడో గేటు (బండి తగలకుండా దూరాల్సిన రెండు గుర్తుల మధ్య సందు). నిటారుగా ఉన్న రాయి, పైన సన్నటి చీలిక. ముందు కుడి చక్రం అందులో దిగబడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాను. సర్వో ఒక్కసారిగా కరెంటు లాగింది. ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) ఉండే బీఈసీ, అంటే సర్వోకి, రిసీవర్‌కి కరెంటు ఇచ్చే భాగం, అంత ఇవ్వలేకపోయింది. వోల్టేజీ పడిపోయి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఆగిపోయింది, బండిని వాలు మీద పట్టి ఉంచే డ్రాగ్ బ్రేక్ వదిలేసింది. బండి వెనక్కి జారి, గేటుకు తగిలి బోల్తా పడింది. పెనాల్టీలు తక్కువ ఉన్నవాళ్లే గెలిచే ఆట ఇది, నా పోటీ అక్కడితో అయిపోయింది. రిమోట్ చేతిలో ఉన్నా బండి మాట వినని ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మోటారు కాలిపోయిందేమో అనుకున్నాను. పక్కనున్న కుర్రాడు చూసి, "సర్వోకి బీఈసీ విడిగా పెట్టలేదా అన్నా?" అన్నాడు. నా బండిలో ఏముందో అతనికి తెలిసినంత కూడా నాకు తెలియదు.

తర్వాతి బండిని విడి భాగాల కిట్ తెచ్చుకుని కట్టాను. రెండు వారాల సాయంత్రాలు దానికే పోయాయి. యాక్సిళ్లను చాసీకి కలిపే లింకుల పొడవు మార్చి చూశాను, ముందు యాక్సిల్‌కి ఇత్తడి బరువులు వేశాను, వెనక చక్రాల కంటే ముందువి కొంచెం వేగంగా తిరిగేలా ఓవర్‌డ్రైవ్ గేర్లు పెట్టాను. బ్యాటరీని వెనక నుంచి ముందుకు జరిపిన రోజు, అంతకుముందు ముక్కు లేపి వెల్లకిలా పడిన రాయినే బండి నెమ్మదిగా ఎక్కేసింది. బరువు ముందుకు, కిందికి ఉండాలని చాలాసార్లు చదివాను కానీ అప్పుడే అర్థమైంది.

నాకు నచ్చని విషయం ఇంకోటి ఉంది. కొత్తవాళ్లందరూ మోటారు ఎన్ని టర్న్‌లు (లోపలి తీగ చుట్లు) అనే అడుగుతారు, టైర్ల ఊసే ఎత్తరు. మెత్తటి రబ్బరు, లోపల సరైన ఫోమ్ లేకపోతే ఎంత మంచి మోటారైనా రాయి మీద చక్రాన్ని ఊరికే తిప్పుతుంది.

కొనడమే చవక అంటారు. పోటీకి వచ్చేసరికి సర్వో, టైర్లు, ఈఎస్‌సీ అన్నీ మారిపోతాయి. కొన్నదాంట్లో చివరికి మిగిలేది చాసీ, యాక్సిళ్లే.

ఇప్పటికే కొనేసి ఉంటే, పోటీకి ముందు ఆఖరి స్క్రూ దాకా విప్పి మళ్లీ బిగించండి. స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, థ్రెడ్‌లాక్, లోహంలోకి దిగే స్క్రూలకే వేయండి, ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు రావచ్చు. సర్వోకి బీఈసీ విడిగా పెట్టండి.