మట్టిబొమ్మల సినిమాలు చూపించే పద్ధతి: మేనకోడలికి ఒక లేఖ

తిరుపతి.

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చూడడానికి మట్టిబొమ్మల సినిమాల జాబితా, అంటే బొమ్మను చేత్తో కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫొటోగా తీసిన సినిమాల జాబితా, ఒకటి పంపమని అడిగావు. ఐదేళ్ల చిన్నవాడికి, తొమ్మిదో తరగతి చదివే పెద్దమ్మాయికి, డెబ్బై దాటిన మీ అత్తగారికి ఒకే సినిమా నచ్చుతుందా అన్న అనుమానం కూడా రాశావు. డ్రాయింగు టీచరుగా పనిచేసిన రోజుల్లోనూ, రిటైరైన తరువాత మా మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి వీధి పిల్లలకు సినిమాలు వేసిన రోజుల్లోనూ నాకు తెలిసివచ్చిన సంగతులు రాస్తాను. జాబితా చిన్నదే, చూపించే పద్ధతి గురించే ఎక్కువ చెప్పవలసి ఉంది.

అన్నిటికంటే ముందు, ఇవి చిన్నపిల్లల సినిమాలని ఇంట్లో ఎవరి దగ్గరా అనకు. ఆ మాట చెవిన పడగానే మీ అత్తగారు వంటింట్లోకి, పెద్దమ్మాయి ఫోనులోకి వెళ్లిపోతారు, చిన్నవాడు ఒంటరిగా తెర ముందు మిగులుతాడు. ఈ సినిమాలను ఒంటరిగా చూసిన పిల్లవాడికి సగమే అందుతుంది. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు తనకు నవ్వు రాని చోట ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవాలన్న కుతూహలమే వాడిని రెండోసారి చూడనిస్తుంది.

గంగమ్మ జాతర చూసి పెరిగినదానివి కాబట్టి వీటి ఆకర్షణ ఎక్కడుందో నీకు వివరించడం కష్టం కాదు. మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టి వచ్చినవాడు ఎదురింటి అబ్బాయేనని మనకు తెలుసు, వాడు కట్టిన చీర ఎవరిదో కూడా తెలుసు, అయినా వాడు గడప ముందుకు వచ్చి నిలబడితే మన చేతులు వాటంతటవే జోడవుతాయి. మట్టిబొమ్మ తెర మీద నడిచేటప్పుడు జరిగేదీ అటువంటిదే. అది మట్టి అన్న ఎరుక పోదు, దానికి ప్రాణముందన్న నమ్మకమూ పోదు. చిన్నవాడు ప్రాణాన్ని చూస్తాడు, పెద్దవాళ్లు మట్టినీ దాని వెనుక మనిషి చేతినీ చూస్తారు. నునుపైన కంప్యూటరు బొమ్మల్లో నాకు ఈ జంట ఆనందం దొరకలేదు. అది నా వయసు వల్ల కలిగిన అభిప్రాయమని పెద్దమ్మాయి అంటే వాదించకు.

మొదటి రోజుకు 1993 నాటి 'ది రాంగ్ ట్రౌజర్స్' చాలు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఆర్డ్‌మన్ అనే సంస్థ ఉంది. అక్కడ నిక్ పార్క్ తీసిన వాలెస్, గ్రోమిట్ కథల్లో అది రెండోది, నిడివి అరగంట. గ్రోమిట్ అనే కుక్కకు నోరే లేదు. ఆ బొమ్మకు ఉన్నదల్లా కనుబొమ్మల చోట ఒక మట్టి మడత. దానిని కాస్త పైకో కిందికో నొక్కడంతోనే విసుగు, అనుమానం, దిగులు, యజమాని వాలెస్ మీద జాలి అన్నీ పలుకుతాయి. కథలోని దొంగ పెంగ్విన్ పక్షి కూడా ఒక్క మాట మాట్లాడదు. ఇంగ్లీషు ముక్క రాని నీ జేజి ఈ సినిమాను మా మిద్దె మీద మూడుసార్లు చూసింది. ఆ పెంగ్విన్ ఎర్ర రబ్బరు గ్లోవు ఒకటి నెత్తిన పెట్టుకొని కోడిలా చెలామణి అయ్యే చోట, జీవితమంతా కోళ్లను సాకిన ఆ మనిషి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, తురాయి పెడితే కోడి అయిపోతుందా అని తెరనే నిలదీసింది. చివర్లో బొమ్మరైలు మీద కూర్చున్న గ్రోమిట్ తన ముందు తానే పట్టాలు పరుచుకుంటూ దొంగను తరుముతుంది. అక్కడ చిన్నవాడు లేచి నిలబడతాడు, నిలబడనీ.

సినిమా పూర్తయ్యేదాకా ఏమీ వివరించకు, మధ్యలో ఆపకు. పూర్తయ్యాక పెద్దమ్మాయికి లెక్క చెప్పు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి ఫొటోలు, నడుస్తాయి. ఒక్కొక్క భంగిమను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 భంగిమలు, నిమిషానికి 720 కావాలి. అంటే నిమిషం సినిమా కోసం ఎవరో ఆ బొమ్మను 720 సార్లు చేత్తో కదిపారన్నమాట. నిక్ పార్క్ ఈ జంట మొదటి కథను 1982లో విద్యార్థిగా మొదలుపెట్టి 1989లో ముగించాడని కూడా చెప్పు. ఆ కథ నిడివి అరగంట కూడా లేదు. ఆ తరువాత రెండోసారి వేసి, మట్టి మీద వేలిముద్రలు వెతకమను. చేత్తో కదిపిన గుర్తులు మట్టివి కాని బొమ్మల్లోనూ కనిపిస్తాయి. 1933 నాటి 'కింగ్ కాంగ్'లో గొరిల్లా రోమాలు ఊరికే అటూ ఇటూ కదలడానికి కారణం, ఫ్రేము ఫ్రేముకూ బొమ్మను పట్టుకున్న వేళ్లు వాటిని చెదరగొట్టడమే. 2009లో వచ్చిన 'ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్'లో అదే చెదురును దర్శకుడు వెస్ ఆండర్సన్ కావాలనే ఉంచుకున్నాడు.

చిన్నవాడికి రోజువారీగా 'షాన్ ద షీప్' భాగాలు వెయ్యి. ఒక్కొక్కటి ఏడు నిమిషాలు, ఎవరూ మాట్లాడరు, గొర్రెలూ కుక్కా రైతూ గొణుగుతారంతే. గొర్రెలను ఎరిగిన మన వైపు పెద్దవాళ్లకు అందులో కనిపించే తప్పులు కూడా వినోదమే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. బొమ్మల సినిమా కదా అన్న ధీమాతో, నేను ముందుగా చూడకుండానే, 2009 నాటి 'కోరలైన్' సినిమాను ఆరేళ్ల పిల్లలకు వేశాను. అందులో ఒక తల్లి కళ్ల స్థానంలో గుండీలు ఉంటాయి, కోరలైన్ అనే పాపను కూడా కళ్లకు గుండీలు కుట్టించుకోమంటుంది. మరునాడు పక్కింటి పిల్ల తన గౌనుకున్న గుండీలన్నీ పీకి వాళ్ల అమ్మ చేతిలో పెట్టిందట. నెల రోజులపాటు ఆ తల్లి నాతో ముభావంగా ఉంది. ఈ కళలో భయం కూడా చేత్తో తాకగలిగినట్టే ఉంటుంది, అందువల్ల దాని పట్టు ఎక్కువ. ఆ సినిమాను పెద్దమ్మాయికి మాత్రమే, చిన్నవాడు నిద్రపోయాక చూపించు. కోరలైన్ వేసుకునే నక్షత్రాల స్వెట్టరును సూదుల్లాంటి సన్నని కడ్డీలతో నిజంగానే అల్లారని మీ అత్తగారికి చెబితే, అల్లిక తెలిసిన మనిషి కాబట్టి ఆవిడా వచ్చి కూర్చుంటారు.

రెండో వారంలో మీరే ఒకటి తీయండి. 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేయడానికి ముందే, ఆ సినిమా తీసిన దాదాసాహెబ్ ఫాల్కే కుండీలో బఠాణీ గింజ నాటి, రోజుకు కొంచెం చొప్పున చిత్రీకరించి, మొలక పెరగడాన్ని తెర మీద చూపించాడు. మీకు మొలక కూడా అక్కరలేదు. పళ్లెం నిండా చెనిక్కాయలు చాలు. గోధుమపిండి ముద్దతో బొమ్మలు చేయవద్దు, మధ్యాహ్నానికి పగుళ్లిస్తుంది, సాయంత్రానికి చీమలు పడతాయి. ఫోనును ఒక డబ్బాకు రబ్బరు బ్యాండుతో కదలకుండా కట్టి, చెనిక్కాయలు వరుసకట్టి గిన్నెలోకి నడిచిపోతున్నట్టు, ప్రతిసారీ వాటిని గోరంత కదిపి ఒక ఫొటో తీయండి. ఐదు సెకన్లకు 60 ఫొటోలు. కదపడం చిన్నవాడి పని, ఫొటో నొక్కడం పెద్దమ్మాయి పని, ఏ కాయ ఎక్కడ ఉందో గుర్తుంచుకోవడం మీ అత్తగారి పని.

కిటికీ వెలుగును నమ్మవద్దు. మబ్బు పట్టి విడిచిన ప్రతిసారీ తెర మీద మెరుపు కొట్టినట్టు ఉంటుంది. కిటికీ మూసి ఒకే బల్బు కింద తీయండి. పైన ఫ్యాను తిరుగుతుంటే దాని రెక్కల నీడ ఫొటో ఫొటోకూ మారుతుంది కాబట్టి దానిని ఆపక తప్పదు, మే నెలలో చిత్తూరులో ఫ్యాను ఆపమంటే ఇంట్లో తిరుగుబాటే వస్తుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. ఏదైనా ఫొటోలో చిన్నవాడి వేలు పడితే తీసేయకు.

జాతరకు వచ్చేటప్పుడు ఆ ఐదు సెకన్లూ ఫోనులో తీసుకురా, మిద్దె మీద దుప్పటి కట్టి ఉంచుతాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ అత్తయ్య