ట్రిప్ ఎ, ట్రిప్ బి: ఏది దేనికి వాడాలి?

కారు డ్యాష్‌బోర్డు మీద కనిపించే కిలోమీటర్ల అంకెల గురించి కొన్ని వారాలుగా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికొచ్చేలా ఉన్నాయి కాబట్టి ఈసారి అన్నీ కలిపి తీసుకున్నాను.

ప్రశ్న: కొత్తగా కారు కొన్నాం. స్క్రీన్ మీద ఓడో, ట్రిప్ ఎ, ట్రిప్ బి అని మూడు రకాల అంకెలు వస్తున్నాయి. ట్రిప్‌ని సున్నా చేస్తే కారు మొత్తం తిరిగిన లెక్క కూడా పోతుందేమో అని భయంగా ఉంది. ముట్టుకోవచ్చా?

నిర్భయంగా ముట్టుకోండి. ఓడో అంటే ఓడోమీటర్. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు నుంచి మొత్తం ఎంత తిరిగిందో చెప్పే లెక్క అది. దాన్ని సున్నా చేయడానికి మీకు బటన్ ఉండదు. సర్వీసు, వారంటీ, రేపు కారు అమ్మేటప్పుడు చూపించే రీడింగ్, అన్నీ దాని మీదే నడుస్తాయి. ట్రిప్ మీటర్లు మాత్రం మీ సొంతం, చివరిసారి సున్నా చేసినప్పటి నుంచి తిరిగిన దూరాన్ని చూపిస్తాయి. ఎన్నిసార్లు సున్నా చేసినా ఓడోమీటర్ తన దారిన తను పోతూనే ఉంటుంది. సర్వీసు ఎప్పుడో గుర్తు చేసే హెచ్చరికకీ ట్రిప్ సున్నా చేయడానికీ సంబంధం లేదు.

సున్నా చేసే పద్ధతి చాలా కార్లలో ఒకేలా ఉంటుంది. బండి ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచండి. మీటర్ల పక్కన చిన్న పుల్లలా పొడుచుకొచ్చిన బటన్ గానీ, స్టీరింగ్ మీద బటన్ గానీ ఉంటుంది. ఊరికే ఒకసారి నొక్కి వదిలితే ఓడో, ట్రిప్ ఎ, ట్రిప్ బి ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. మీకు కావాల్సిన ట్రిప్ తెర మీద ఉన్నప్పుడు అదే బటన్‌ని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే 0.0 అవుతుంది. తెర మీద ఓడో ఉండగా ఎంతసేపు నొక్కినా ట్రిప్ మారదు. ‘నా కార్లో రీసెట్ పనిచేయడం లేదు’ అని రాసేవాళ్లలో చాలామంది చేస్తున్నది ఇదే. టచ్ స్క్రీన్ ఉన్న కార్లలో సెట్టింగ్స్‌లో ట్రిప్ కంప్యూటర్ లేదా వెహికల్ ఇన్ఫో అనే పేరుతో ఉంటుంది. నడుస్తుండగా మాత్రం దీని జోలికి పోవద్దు.

రెండు ట్రిప్‌లు ఎందుకిచ్చారో చాలామంది పట్టించుకోరు. నా సలహా ఒక్కటే: ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పి, ఆ పని మార్చకండి. ట్రిప్ ఎ ఇంధనానికి. ఫుల్ ట్యాంక్ చేయించినప్పుడు తప్ప దాన్ని ఎవరూ సున్నా చేయకూడదు, ఇంట్లో కారు నడిపే మిగతావాళ్లు కూడా. ట్రిప్ బి మిగతా అన్నిటికీ: ఊరి ప్రయాణం, ఆఫీసు పని మీద తిరిగిన దూరం, ఎవరికైనా కారు ఇచ్చినప్పుడు ఎంత తిరిగిందో చూసుకోవడం. ఎక్కడి నుంచి మొదలైందో గుర్తులేని ట్రిప్ అంకె ఎందుకూ పనికిరాదు. ‘ట్రిప్‌లో 638 ఉంది, మైలేజ్ ఎంతొచ్చినట్టు?’ అని అడిగితే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

ప్రయాణం దూరాన్ని ఇలా సున్నా నుంచి లెక్కపెట్టే ఆలోచన కొత్తదేం కాదు. రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ ఇంజినీరు విట్రూవియస్ ఇలాంటి యంత్రాన్ని వర్ణించాడు. బండి చక్రం 400 సార్లు తిరిగితే ఒక రోమన్ మైలు. మైలుకొకటి చొప్పున చిన్న గులకరాయి కింద ఉన్న కంచు పాత్రలో టంగుమని పడుతుంది. ప్రయాణం అయ్యాక రాళ్లు లెక్కపెట్టుకుంటే ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ పాత్ర ఖాళీగా ఉండాలి కదా, అదే మన రీసెట్ బటన్.

ప్రశ్న: స్క్రీన్ మీద సగటు మైలేజ్ లీటరుకి 17.2 కిలోమీటర్లు అని చూపిస్తోంది. నేను లెక్కేస్తే 15.7 వస్తోంది. కారులో లోపమా, నా లెక్కలో లోపమా?

మీరు ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్క వేసుంటే, మీ లెక్కనే నమ్మండి. ముందు ఆ లెక్క సరిగ్గా ఎలా వేయాలో చూద్దాం.

బంకులో నాజిల్ మొదటిసారి టక్‌మని దానంతటదే ఆగేదాకా కొట్టించండి. అక్కడితో ఆపమనండి. బిల్లు రౌండ్ ఫిగర్ చేయడానికి ఇంకో రెండు నొక్కులు నొక్కితే ఎంత ఎక్కువ పట్టిందో ప్రతిసారీ మారిపోతుంది. సీట్లో కూర్చోగానే, బండి కదలకముందే ట్రిప్ ఎ సున్నా చేయండి. తర్వాత మామూలుగా తిరగండి. మళ్లీ కొట్టించేటప్పుడు వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్ దాకానే. ఈసారి పట్టిన లీటర్లే మీరు కాల్చిన ఇంధనం. ట్రిప్ ఎ లో 412.6 ఉండి 26.3 లీటర్లు పట్టిందనుకోండి. 412.6ని 26.3తో భాగిస్తే 15.69. ఇదే మీ మైలేజ్. కొన్ని కార్లు వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అనే పద్ధతిలో చూపిస్తాయి. అప్పుడు 100ని 15.69తో భాగించండి, 6.37 వస్తుంది. ఆ పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ మైలేజ్ బాగున్నట్టు.

మొదటిసారి ఎన్ని లీటర్లు పట్టిందన్నది ఈ లెక్కలోకి రాదు, రెండోసారి పట్టినవే వస్తాయి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పొద్దు. నాజిల్ ఆగడంలో అర లీటరు తేడా సులువుగా వస్తుంది. 10 లీటర్లే పట్టినప్పుడు ఆ అర లీటరు 5 శాతం తప్పు, 40 లీటర్లు పట్టినప్పుడు 1 శాతం కంటే కాస్త ఎక్కువ. అందుకే ట్యాంకు బాగా తగ్గాక కొట్టించి, కనీసం నాలుగు ట్యాంకులు రాసుకోండి. సగటు తీసేటప్పుడు మైలేజ్ అంకెల్ని కలిపి భాగించొద్దు. ఒకసారి 300 కిలోమీటర్లకి 20 లీటర్లు, అంటే 15. ఇంకోసారి 100 కిలోమీటర్లకి 10 లీటర్లు, అంటే 10. ఈ రెండింటి సగటు 12.5 అనిపిస్తుంది, కానీ నిజానికి 400 కిలోమీటర్లకి 30 లీటర్లు, అంటే 13.3. కిలోమీటర్లన్నీ ఒక వైపు, లీటర్లన్నీ ఒక వైపు కూడి అప్పుడు భాగించాలి.

ఇక స్క్రీన్ సంగతి. ట్యాంకులోంచి ఎంత పోయిందో కారు నేరుగా కొలవదు. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి, దాన్నిబట్టి ఎంత ఇంధనం పోయుంటుందో కంప్యూటర్ అంచనా వేస్తుంది. ఆ అంచనా చాలా కార్లలో కాస్త ఆశావహంగానే ఉంటుంది. మీకు వచ్చిన తేడా దాదాపు 10 శాతం. కొంచెం ఎక్కువే గానీ వింతేం కాదు. స్క్రీన్ అంకె పనికిరాదని కాదు. ఈ వారం పోయిన వారం కంటే బాగుందా లేదా అని పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. ఖర్చు లెక్కకి మాత్రం బిల్లునే చూడండి.

ఇదే సందర్భంలో ఇంకో పాఠకుడు రాశారు: ఎంత జాగ్రత్తగా నడిపినా సగటు 14.1 దగ్గరే అతుక్కుపోయిందట. ఆ సగటుని బహుశా కారు కొన్నప్పటి నుంచీ సున్నా చేసుండరు. వేల కిలోమీటర్ల సగటు మీద ఈ వారం నడక ఏపాటి? కొన్ని కార్లలో ట్రిప్ సున్నా చేస్తే దాని సగటు కూడా సున్నా అవుతుంది, కొన్నిట్లో సగటుని విడిగా రీసెట్ చేయాలి. ఒకసారి చేసి చూడండి. మొదటి రెండు మూడు కిలోమీటర్లలో అంకె 6 అనీ, 9 అనీ చూపిస్తే టెన్షన్ పడకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంధనం ఎక్కువ తాగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కిలోమీటర్లు పెరగవు, ఇంధనం మాత్రం కాలుతూనే ఉంటుంది. యాభై కిలోమీటర్లు తిరిగేసరికి అంకె కుదురుకుంటుంది.

ప్రశ్న: ఫోన్ మ్యాప్ 118 కిలోమీటర్లు అన్న దారికి నా ట్రిప్ మీటర్ 120.6 చూపించింది. మీటర్ తప్పు తిరుగుతోందా?

మీ కారు దూరాన్ని కొలవదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. పాత కార్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చి మీటర్లోని అంకెల చక్రాల్ని తిప్పేది. ఇప్పుడు చక్రం తిరిగేకొద్దీ సెన్సర్ నుంచి పల్స్‌లు, అంటే చిన్న విద్యుత్ సంకేతాలు వస్తాయి, కంప్యూటర్ వాటిని టైరు చుట్టుకొలతతో గుణిస్తుంది. ఆ చుట్టుకొలత కంపెనీ ముందే రాసిపెట్టింది. అసలు టైరు దానికి తేడాగా ఉంటే మీటర్ కూడా అంతే తేడాగా తిరుగుతుంది.

ఒక ఉదాహరణ. 185/65 ఆర్15 టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. కిలోమీటరుకి 512 చుట్లు. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అరిగి అరిగి 1.6కి వచ్చేసరికి వ్యాసం దాదాపు 13 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే 2 శాతం. చక్రం చిన్నదైంది కాబట్టి అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. మీది 2.2 శాతం తేడా. టైర్లు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి. గాలి తగ్గినా కొంత ఇలాగే అవుతుంది.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. అదే కారుకి అందం కోసం 195/65 ఆర్15 వేయిస్తే చుట్టుకొలత 2 శాతం పెరుగుతుంది. అప్పుడు నిజంగా 100 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 98 చూపిస్తుంది. పెద్ద టైర్లు వేయించాక మైలేజ్ పడిపోయిందని బాధపడేవాళ్లు ముందు ఈ 2 శాతం కలిపి చూడాలి. పడిపోయిన దాంట్లో కొంత లెక్కలోనే పోయుంటుంది.

మీటర్‌ని పరీక్షించాలంటే హైవే మీద కిలోమీటరు రాయి ఎదురుగా ట్రిప్ బి అంకె ఎంతుందో పక్క సీట్లో ఉన్నవాళ్లని చూడమనండి. సరిగ్గా 20 రాళ్లు దాటాక మళ్లీ చూడమనండి. తేడా 20.4 ఉంటే మీ మీటర్ 2 శాతం ఎక్కువ తిరుగుతోందని అర్థం. ఒకట్రెండు కిలోమీటర్లతో పరీక్షిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే ట్రిప్ మీటర్‌కి తెలిసిన అతి చిన్న దూరమే 100 మీటర్లు.

స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తే ఓడోమీటర్ కూడా అంతే ఎక్కువ చూపిస్తుందని కొందరు అనుకుంటారు. కాదు. అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి 39వ నంబరు రెగ్యులేషన్ ఉంది కాబట్టి స్పీడోమీటర్‌ని కావాలనే కాస్త ఎక్కువ చూపేలా పెడతారు. దూరం లెక్కలో అలా కావాలని ఎక్కువ కలపడం ఉండదు.

ప్రశ్న: నిన్న ట్రిప్ 142.8 ఉంది. ఇవాళ చూస్తే 88.7. కిలోమీటర్లు వెనక్కి పోతాయా?

పోవు. ఎవరో మైళ్లలోకి మార్చారు. 142.8ని 1.6093తో భాగిస్తే 88.7 వస్తుంది, చూసుకోండి. సెట్టింగ్స్‌లో యూనిట్లు మళ్లీ కిలోమీటర్లకి మారిస్తే సరిపోతుంది. ట్రిప్ ఒక్కసారిగా 0 దగ్గర మొదలైతే అది వేరే సంగతి. చాలా పాత మీటర్లు 999.9 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.

ప్రశ్న: బ్యాటరీ మార్పించాక ట్రిప్ రెండూ సున్నా అయ్యాయి. ఇన్నాళ్లు రాసుకున్న మైలేజ్ లెక్క పాడైనట్టేనా?

ఓడోమీటర్ అంకె కరెంటు పోయినా చెరగని మెమొరీలో ఉంటుంది. ట్రిప్ అంకెలకి కొన్ని కార్లలో ఆ రక్షణ ఉండదు. అందుకే ట్రిప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతుంటాను.

నాకే జరిగింది. కారు సర్వీసుకి ఇచ్చి తెచ్చుకున్నాక చూస్తే ట్రిప్ ఎ లో 3.2 ఉంది. ఇచ్చేటప్పుడు 280 దాటి ఉంది. టెస్ట్ డ్రైవ్‌కి ముందు ఎవరో సున్నా చేసేశారు. ప్రాణం ఉసూరుమంది. కానీ ఇంధనం కొట్టించిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డుని ఒక ఫొటో తీసుకోవడం నాకు అలవాటు. ఫోన్లో వెతికితే పోయినసారి ఫొటోలో ఓడో 41,306 కనిపించింది. తర్వాత ఫుల్ ట్యాంక్ చేయించినప్పుడు ఓడో 41,731, పట్టింది 27.1 లీటర్లు. 425 కిలోమీటర్లకి 15.7. ట్రిప్ పోయినా లెక్క పోలేదు.

మీరూ బిల్లు, ఓడో రీడింగ్ రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసుకోండి. బిల్లు కాగితం మీద సిరా నెలల్లో వెలిసిపోతుంది, ఫొటో ఉంటుంది.

ప్రశ్న: ఇంకా 60 కిలోమీటర్లు వెళ్తుందని స్క్రీన్ చెబితే నమ్మొచ్చా?

60 అంటే ఇప్పటిదాకా మీరు నడిపినట్టే ముందూ నడిపితే అని అర్థం. హైవే దిగి ట్రాఫిక్‌లోకి వచ్చినా, ఘాట్ ఎక్కినా ఆ 60 చూస్తుండగానే 35 అవుతుంది. ట్రిప్ ఎ తో పోల్చి చూసుకోండి. మీ ట్యాంకు మామూలుగా 450 కిలోమీటర్లకి రిజర్వ్‌కి వస్తుందని నాలుగైదు సార్లు చూశాక తెలుస్తుంది. ట్రిప్ ఎ 400 దాటితే బంకు వెతుక్కోండి. ఫ్యూయల్ ముల్లు చెడిపోయిన పాత కారు ఉన్నవాళ్లకి ఇదే ఆధారం.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. ట్రిప్ మీటర్‌తో మాకేం పని?

పని అదే, లీటర్ల బదులు యూనిట్లు. ఫుల్ చార్జ్ చేసి ట్రిప్ ఎ సున్నా చేయండి. మళ్లీ ఫుల్ చార్జ్ చేసినప్పుడు చార్జర్ మీద ఎన్ని యూనిట్లు ఎక్కాయో చూడండి. 210 కిలోమీటర్లకి 34 యూనిట్లు ఎక్కితే యూనిట్‌కి 6.2 కిలోమీటర్లు. కారు తెర 30 యూనిట్లే వాడానని చెప్పొచ్చు. మిగతా నాలుగూ చార్జింగ్‌లో వేడిగా పోయినవి, బ్యాటరీ మరీ వేడెక్కకుండా, మరీ చల్లబడకుండా చూసుకోవడానికి వాడినవి. బిల్లు మాత్రం 34కే వస్తుంది.