ఇన్వర్టెడ్ రూఫ్‌కి ఏ ఇన్సులేషన్ మంచిది? తడిసిన ముక్కని కాటా మీద పెట్టి చూసినవాడిగా చెప్తున్నా

మీరు అడిగింది ఇది: డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ మెంబ్రేన్ (నీరు దిగకుండా ఆపే పొర), దాని మీద ఇన్సులేషన్, ఆ పైన గులకరాళ్లు, అంటే ఇన్వర్టెడ్ రూఫ్ వేయాలనుకుంటున్నారు. పీఐఆర్ (పాలీఐసోసయనురేట్ అనే నురగ) బోర్డు పల్చగా ఉన్నా వేడిని బాగా ఆపుతుందని అమ్మేవాళ్లు అంటున్నారు. థర్మాకోల్ చవగ్గా వస్తోంది, ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ ముడిసరుకుతోనే పూసలు లేకుండా చేసే, నీరు అంతగా పీల్చని గట్టి నురగ బోర్డు) ఖరీదు. ఏది తీసుకోవాలి, 50 మి.మీ. బోర్డులు రెండు వరసలు వేసుకోవచ్చా?

ఎక్స్‌పీఎస్ తీసుకోండి. కావలసిన మందం ఒకే బోర్డులో వచ్చేలా తీసుకోండి, రెండు వరసలు వద్దు.

నేను మా డాబాకి ఎక్స్‌పీఎస్ వేయించాను. చివర్లో మెట్ల గది పైకప్పు దగ్గరికి వచ్చేసరికి బోర్డులు చాలలేదు. ఆ కాస్త చోటుకి ఏమవుతుందిలే అని మామూలు థర్మాకోల్ పరిచేశాను. రెండు వానాకాలాలు గడిచాక వేరే పని కోసం అక్కడి రాళ్లు తీయించాల్సి వచ్చింది. బోర్డు ఎత్తగానే బరువు తెలిసిపోయింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క కోసి వంటింటి కాటా మీద పెడితే 290 గ్రాములు! వాడకుండా అటక మీద మిగిలిపోయిన అదే సైజు, అదే మందం ముక్క 70 గ్రాములు. తడి ముక్కని వేళ్లతో నొక్కితే పూసల సందుల్లోంచి నీళ్లు చెమటలా పైకి వచ్చాయి. లెక్క వేస్తే దాని పరిమాణంలో దాదాపు 5 శాతం నీళ్లే. గాలితో పోలిస్తే నీళ్లు వేడిని ఇరవై రెట్ల కంటే ఎక్కువగా దాటిస్తాయి. అంటే నేను పరిచిన బోర్డు వేడిని ఆపే శక్తి కొంత పోగొట్టుకుంది.

మామూలు పైకప్పులో ఇన్సులేషన్ మెంబ్రేన్ కింద పొడిగా ఉంటుంది. ఇక్కడ వరస తిరగబడింది కాబట్టి ఎండకీ చలికీ మెంబ్రేన్ సుఖంగా ఉంటుంది, వానలో నానేది ఇన్సులేషనే. అందుకే షాపులో చూపించే వేడి లెక్క ఒక్కటే చూసి మోసపోకండి, అది పొడి బోర్డుది. ఆ అంకె ఎంత తక్కువైతే వేడి అంత తక్కువ దాటుతుంది. పీఐఆర్‌కి అది 0.022 దగ్గర ఉంటుంది, ఎక్స్‌పీఎస్‌కి 0.033 నుంచి 0.036 దాకా. కాగితం మీద పీఐఆర్ గెలుస్తుంది. కానీ కోసిన అంచుల్లోంచి నీరు పీల్చుకుని, పై పొర ఊడొచ్చే సరుకు అది. మెంబ్రేన్ కింద వేసుకుంటే బంగారం, పైన మాత్రం వద్దు. రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన దూది లాంటిది) సంగతి చెప్పనక్కర్లేదు.

థర్మాకోల్ జాతిలోనే నీరు తక్కువ పీల్చేలా ఒత్తి తయారుచేసిన గట్టి రకాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్‌లో ఇన్వర్టెడ్ రూఫ్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉంటే ఆలోచించవచ్చు. నోటిమాటగా చెప్తే నమ్మకండి.

ఎక్స్‌పీఎస్‌లోనూ గ్రేడు చూడాలి. 300 కిలోపాస్కల్ రకం మనుషులు తిరిగే డాబాకి సరిపోతుంది. ఈ 300 అనేది బోర్డు 10 శాతం అణిగేటప్పటి బలం, ఏళ్ల తరబడి మోయగలిగేది అందులో సగం కూడా ఉండదు. అందుకని నీళ్ల ట్యాంకు కాళ్లు, ఏసీ యూనిట్లు బోర్డు మీద పెట్టకండి. శ్లాబు నుంచే దిమ్మెలు కట్టించి, మెంబ్రేన్‌ని వాటి చుట్టూ పైకి మడిపించండి. అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చునేలా గాడి ఉన్న బోర్డులే అడగండి. నున్నటి అంచులైతే ప్రతి సందూ నీళ్లకి దారే.

రెండు వరసలు ఎందుకు వద్దంటే, వాటి మధ్య పల్చటి నీటి పొర చిక్కుకుపోతుంది. కింది బోర్డులోని ఆవిరి పైకి పోయే దారి లేక అది మెల్లగా తడెక్కుతూనే ఉంటుంది. ఒకే వరస అయితే ఎండ వచ్చినప్పుడు పైకి ఆరిపోతుంది. ఇదే కారణంతో బోర్డుల మీద పాలిథిన్ షీటు కూడా కప్పకండి. మా మేస్త్రి "నీళ్లు దిగకుండా ఉంటాయి సార్" అని కప్పబోయాడు, అప్పుడే నేను డాబా ఎక్కాను కాబట్టి సరిపోయింది! అక్కడ వేయాల్సింది వాన నీటిని తూము వైపు జారనిచ్చి, ఆవిరిని మాత్రం పైకి వదిలే ప్రత్యేకమైన గుడ్డ. చలి ప్రాంతాల్లో దీని విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే బోర్డుల కిందికి దిగిన చల్లటి వాన నీరు శ్లాబులోని వేడిని లాక్కుపోతుంది.

ఇక అసలు టెన్షన్ పెట్టింది ఇంకో రాత్రి. సాయంత్రానికి బోర్డులు పరిచారు, రాళ్లు రేపు పోద్దామని వెళ్లిపోయారు. రాత్రి వాన దంచింది. తూము జాలీ దగ్గర సిమెంటు సంచి ముక్క ఒకటి అడ్డం పడి నీళ్లు నిలిచాయి. తెల్లారి వెళ్లి చూస్తే బోర్డులన్నీ తేలి, ఒక మూల పిట్టగోడకి ఆనుకుని పడవల్లా పేరుకుపోయి ఉన్నాయి. ఆశ్చర్యమేం లేదు. 100 మి.మీ. ఎక్స్‌పీఎస్ చదరపు మీటరుకి సుమారు 3 కిలోలే ఉంటుంది, పూర్తిగా మునిగితే దాన్ని పైకి నెట్టే బలం 97 కిలోల దాకా వస్తుంది. 50 మి.మీ. మందాన పోసిన గులకరాళ్లు 80 కిలోలే. అంటే రాళ్లు పోశాక కూడా తూము మూసుకుపోతే తేలవచ్చు. తూము నోరు మెంబ్రేన్ మట్టంలోనే ఉండాలి, పైన రాళ్ల మట్టంలోనూ నీరు దిగే దారి ఉండాలి, జాలీ తీసి శుభ్రం చేసేలా ఉండాలి. గాలి ఎక్కువగా లేపేది మూలల్లో, అంచుల్లో కాబట్టి అక్కడ రాళ్ల మీద పలకలు కూడా పెట్టించాను.

ఆ 80 కిలోల బరువు మీ శ్లాబు మోస్తుందా అన్నది ముందే ఇంజినీర్‌ని అడగండి. పాత ఇల్లయితే తప్పనిసరి. మోయలేదంటే ఈ పద్ధతే వద్దు.

చిన్న సంగతులు రెండు మూడు. మీది పీవీసీ మెంబ్రేన్ అయితే ఎక్స్‌పీఎస్ నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ పొర ఉండాలి. పెట్రోలు, థిన్నర్ వాసన వచ్చే జిగురు బోర్డుని తినేస్తుంది. బోర్డుల కట్టల మీద నల్ల టార్పాలిన్ కప్పి ఎండలో వదిలితే లోపల వంగిపోతాయి, లేత రంగుది కప్పండి. బోర్డులు పరిచే ముందు తూములు మూసి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిపి మెంబ్రేన్ పరీక్ష చేయించండి. రాళ్లు పోశాక కారే చోటు వెతకాలంటే డాబా మొత్తం తవ్వాల్సిందే.

మీ డాబాకి వాటం ఎంత ఉంది, తూములు ఎన్ని అన్నది రాయలేదు. అది చెప్తే పలకలు వేయాలా, రాళ్లు చాలా అన్నది ఇంకాస్త నిక్కచ్చిగా చెప్పగలను.